అర టిక్కెట్టుకూ నిండు టిక్కెట్టుకూ మధ్య

ఆర్టీసీ బస్సులో 5 ఏళ్ళు నిండిన పిల్లవాడికి అర టిక్కెట్టు. 12 దాటితే నిండు టిక్కెట్టు. సర్కసు గుడారం దగ్గరా, ఎగ్జిబిషన్ గేటు దగ్గరా కొంచెం అటూ ఇటూగా ఇదే లెక్క. ఓటు హక్కుకు 18 ఏళ్ళు నిండాలి. ఆడపిల్ల పెళ్ళికి 18, మగపిల్లవాడి పెళ్ళికి 21 నిండాలి. సొంత సంపాదన ఏ వయసుకు వస్తుందో ఏ చట్టమూ చెప్పదు. కాని టిక్కెట్టు కిటికీ ముందు నిలబడ్డ మనిషి మాత్రం 13వ ఏటనే పెద్దవాడైపోతాడు. జేబులో పైసా తనది కాని వయసులో నిండు ధర చెల్లించాల్సిన పౌరుడౌతాడు.

ప్రయాణం విషయంలో ఈ అన్యాయాన్ని ప్రభుత్వం కొంత గుర్తించింది. స్టూడెంటు పాసు ఆ గుర్తింపే. దానికోసం విద్యార్థి సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయో, పెంచిన ప్రతిసారీ ఎన్ని బస్సులు ఆపాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు. పుస్తకం చదువుకోవాలంటే, ఎంత శిథిలావస్థలో ఉన్నా, శాఖా గ్రంథాలయం ఉంది. ఇక నాటకమో, ఒగ్గుకథో, నృత్యమో, పాటకచ్చేరో, మనిషి మనిషి ఎదుట నిలబడి చేసే కళ విషయంలో 13 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు మన దగ్గర ఏముంది? ఈ ప్రశ్నను నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు పరిమితం చేసుకుని చర్చిస్తాను. హైదరాబాదును కళ్ళముందు పెట్టుకుని మొదలుపెట్టిన సాంస్కృతిక చర్చ రవీంద్రభారతి మెట్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోవటం మనకు అలవాటైంది.

ఈ మూడూ ఒకే జిల్లాలో పెరిగిన ఊళ్ళు. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ దానితో వెళ్ళింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళూ, బియ్యం మిల్లులూ, హైదరాబాదు-విజయవాడ రహదారీ కలిసి ఈ ఊళ్ళకు డబ్బు తెచ్చాయి. ఆ డబ్బు వెంట జూనియర్ కాలేజీలూ, వాటి హాస్టళ్ళూ వచ్చాయి. చుట్టూ ఉన్న పల్లెల నుంచి పదో తరగతి దాటిన పిల్లలంతా వచ్చి చేరేది ఇక్కడికే. అంటే నేను చెబుతున్న వయసు వాళ్ళు ఏ నాటక బృందమూ పిలవకుండానే పోగై ఉన్న ఊళ్ళివి. ప్రదర్శనశాలకు కావలసిన ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. లేనిదల్లా ప్రదర్శన.

పూర్తిగా లేదని కూడా అనలేం. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలోనూ జరిగింది. గజ్జెల లాగులు తొడిగి, భేరీల మోతకు అడుగువేసే వాళ్ళలో మీసం మొలవని పిల్లలెందరో ఉంటారు. అక్కడ ప్రేక్షకుడికీ ప్రదర్శకుడికీ మధ్య గీత లేదు, టిక్కెట్టు మాటే లేదు. తర్వాత గణేశ్ నవరాత్రుల ఆర్కెస్ట్రాలు. రాజకీయ సభకు ముందు జనాన్ని కూర్చోబెట్టే ధూంధాం. తెలంగాణ వచ్చాక ఏర్పడ్డ సాంస్కృతిక సారథి కళాకారులు ప్రభుత్వ పథకాల మీద పాడే పాటలు. అప్పుడప్పుడు పరిషత్తు నాటికల పోటీలు. ఇవన్నీ ఉచితమే. మరోవైపు సినిమా హాలు ఉంది. అక్కడ ఈ వయసు పిల్లవాడు నిండు ధర చెల్లిస్తాడు, కొత్త సినిమా వారంలో పెంచిన ధర కూడా చెల్లిస్తాడు. ఎక్కడి నుంచి తెస్తాడో తల్లికి తెలుసు.

అంటే మన పిల్లలకు తెలిసినవి రెండే. పూర్తి ధరకు కొనుక్కునే సినిమా, ఉచితంగా దొరికే వేదిక. ఈ రెంటి మధ్య ఉండవలసిన మూడోది, ఆ వయసు జేబుకు తగిన ధరకు సజీవమైన ప్రదర్శన చూసే టిక్కెట్టు, ఈ మూడు ఊళ్ళలో లేదు. అదేం పెద్ద లోటు, ఉచితంగా చూపిస్తుంటే రాయితీ ఎందుకు, అని మనవాళ్ళే అడుగుతారు. నా వాదమంతా ఈ ప్రశ్నకు జవాబే.

ఉచిత ప్రదర్శన సాయంత్రం ఎలా గడుస్తుందో గుర్తుచేసుకోండి. కరపత్రంలో 6 గంటలని ఉంటుంది. ముందు రెండు వరసల కుర్చీలకు తెల్లటి తొడుగులు, వాటి మీద పేర్లు. 7 గంటలకు ముఖ్య అతిథి వస్తారు. జ్యోతి వెలిగించటం, సన్మానం, శాలువాలు, జ్ఞాపికలు, దాతలకు కృతజ్ఞతలు. తెర లేచేది 8 గంటల తర్వాతే. ఈ లోపల పల్లెకు పోయే బస్సు పోతుంది, హాస్టల్ గేటు పడుతుంది. మిగిలేది ఊళ్ళో సొంత ఇళ్ళున్న పెద్దవాళ్ళూ, తర్వాతి నాటిక వేయబోయే బృందం వాళ్ళూ. దీన్ని ఎవరూ ప్రశ్నించరు. ఎలా ప్రశ్నిస్తారు? డబ్బు పెట్టినవాడు దాత, అతని ఉపన్యాసం జరిగింది. ప్రేక్షకుడు పెట్టిందేమీ లేదు గనుక అతని సమయానికి విలువ కట్టలేదు. ఉచిత ప్రదర్శనలో నిజమైన కొనుగోలుదారు దాత. ప్రేక్షకుడు ఆ దాతకు చూపించే గుంపు మాత్రమే.

టిక్కెట్టు కొన్నవాడి సంగతి వేరు. పద్యనాటకం వెలిగిన రోజుల్లో "ఒన్స్ మోర్" అనే కేక ఎక్కడి నుంచి వచ్చేదో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. కుర్చీల నుంచి రావటం తక్కువ, నేల నుంచి రావటం ఎక్కువ. చనిపోయిన పాత్రను లేపి పద్యం మళ్ళీ పాడించుకున్న కథలు మనం నవ్వుతూ చెప్పుకుంటాం. నాటక కళ దృష్ట్యా అది అపచారమని విమర్శకులు రాశారు, నిజమే. కాని అందులో ఒక హక్కు ఉంది. అణాలిచ్చి నేల మీద కూర్చున్నవాడు మహానటుణ్ణి ఆజ్ఞాపించే హక్కు. పద్యం బాగుందో లేదో తేల్చేది తానేనని వాడికి తెలుసు. ఉచిత వేదిక ముందు కూర్చున్న ఇంటర్ కుర్రవాడికి ఆ ధీమా లేదు. నచ్చకపోతే ఫోను తీస్తాడు.

నేల టిక్కెట్టు అన్నాను గనుక సురభి గురించి చెప్పాలి. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజాలు రేకుల షెడ్లూ, గుడారాలూ మోసుకుని ఊరూరా తిరిగాయి. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించటం, ఆ ఇంటి పిల్లలు మాటలు రాకముందే రంగస్థలం ఎక్కటం, మాయాబజారులో కళ్ళెదుటే వస్తువులు లేవటం, మాయం కావటం, ఇవన్నీ రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. టిక్కెట్టు గురించి రాసినవాళ్ళు తక్కువ. టూరింగ్ టాకీసులో లాగే అక్కడా నేల, బెంచీ, కుర్చీ అనే తరగతులు. అవి వర్గ భేదాలే, కాదనను. అయినా నేల అనే తరగతి ఉండటం వల్ల చెప్పులు లేని పిల్లవాడు కూడా ఆ షెడ్డు లోపల హక్కుదారుగా కూర్చున్నాడు. వయసు అడిగే పని లేకుండానే నేల టిక్కెట్టు కుర్రకారు రాయితీగా పనిచేసింది. ఒక ఊళ్ళో నెలల తరబడి మకాం వేసి, రోజుకో నాటకం మార్చి ఆడటం వల్ల ఆ పిల్లవాడు నాటకం చూడటాన్ని ఒక అలవాటుగా నేర్చుకున్నాడు. ఈ రెండోది మొదటిదానికన్నా ముఖ్యం. ఏడాదికొకసారి చూసేది వేడుక, వారానికొకసారి చూసేది చదువు.

ఇప్పుడు సురభి సమాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో 1937లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని దశాబ్దాలుగా నిలబెట్టిన ఆర్. నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచిన ఆయన, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి మరో 40 పైన. అక్కడ నాటకానికి పిల్లలకు సగం ధర అన్నా, ఉచితమే అన్నా కోదాడ పిల్లవాడికి అది రానూ పోనూ బస్సు చార్జీ, ఒక రాత్రి బస. రాయితీ టిక్కెట్టు ధర మీద ఉండదు, దూరం మీద ఉంటుంది. ఇక సినిమా హాళ్ళలో నేల తరగతి ఎప్పుడో పోయింది. 2018లో "నేల టిక్కెట్టు" అనే పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఆ సినిమాకు నేల టిక్కెట్టు అమ్మిన హాలు మాత్రం నాకు కనబడలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. అభ్యుదయ రచయితలం టిక్కెట్టును ఎప్పుడూ అనుమానంగానే చూశాం. దానికి గౌరవించదగ్గ చరిత్ర ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి నాటకాన్ని కంపెనీల పిడికిట్లోంచి బయటికి లాగింది. సుంకర, వాసిరెడ్డి రాసిన "మా భూమి" ఏ నల్లగొండ రైతుల పోరాటం గురించిందో, ఆ రైతుల నేల మీద దాన్ని ఆడనిచ్చే పరిస్థితి అప్పుడు లేదు. 1947లో ఆంధ్ర జిల్లాల్లో ఆడారు, ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ జిల్లా బిడ్డ సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాలను ఎత్తుకుని పల్లెల్లో పాడుతున్నప్పుడు గేటు దగ్గర టిక్కెట్టు చింపే మనిషిని ఊహించుకోవటం కూడా హాస్యాస్పదం. 1972లో పుట్టిన జననాట్యమండలి పాటా అంతే. బాదల్ సర్కార్ రంగస్థలాన్నే వదిలేసి, తెరా దీపాలూ వదిలేసి, టిక్కెట్టు వ్యాపారాన్ని కాదని, ఇచ్చినంత పుచ్చుకునే మూడో నాటకరంగాన్ని ప్రతిపాదించారు. ఈ మార్గం విలువను తగ్గించే ఉద్దేశం నాకు లేదు.

కాని ఆ మార్గానికి ఒక షరతు ఉంది. అక్కడ కళను ఉచితంగా నిలబెట్టింది ఉద్యమం. కళాకారుణ్ణి పల్లె పోషించింది, కార్యకర్త ఇంట్లో అన్నం పెట్టారు. ప్రేక్షకుడు డబ్బు ఇవ్వకపోయినా తన భాగం తాను ఇచ్చాడు, కొన్నిసార్లు ప్రాణమే ఇచ్చాడు. ఉద్యమం వెనక్కి తగ్గిన చోట ఉచితం అనే రూపం మిగిలింది, దాన్ని నిలబెట్టిన సారం పోయింది. ఆ ఖాళీలోకి దాత, పార్టీ, ప్రభుత్వ శాఖ వచ్చి కూర్చున్నాయి. ఇవాళ ఉచితంగా పాడే కళాకారుడికి జీతం ఎవరిస్తున్నారు అని అడిగితే, పాట దేని గురించో కూడా అక్కడే తెలిసిపోతుంది. మనం మాత్రం పాత మాటనే పట్టుకుని, ఉచితం అభ్యుదయం, టిక్కెట్టు వాణిజ్యం అంటున్నాం. సొంతంగా పాటను అమ్ముకునే గాయని వేరు, ఒక వ్యాపారి తన లాభం కోసం పెట్టుకుని పాడించే గాయని వేరు అని మార్క్స్ చాలా స్పష్టంగా విడదీశాడు. టిక్కెట్టు ఉన్నదీ లేనిదీ ఆ విభజనకు గీటురాయి కాదు.

విమర్శకుడిగా నాకు ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి. టిక్కెట్టు ధర నాటకం లోపలికి కూడా వస్తుంది. పరిషత్తు నాటికలను కొన్నేళ్ళుగా వరసగా చూసినవాళ్ళకు ఈ సంగతి చెప్పకుండానే తెలుస్తుంది. గంట నిడివి, ఒకే సెట్టు, న్యాయనిర్ణేతల కోసం చివర పది నిమిషాల కన్నీళ్ళు. ఎన్నింటిలో ఇతివృత్తం ఒకటే: కన్నవాళ్ళను పట్టించుకోని కొడుకు, విదేశం వెళ్ళిన సంతానం, వృద్ధాశ్రమం, ఆస్తి పంపకం. ఈ సమస్యలు అబద్ధం అనను. కాని పదహారేళ్ళ మనిషి ఆ నాటికల్లో ఎప్పుడు కనబడతాడో గమనించండి. చేతిలో ఫోనుతో లోపలికి వస్తాడు, తాతను విసుక్కుంటాడు, వెళ్ళిపోతాడు. అమ్మాయి అయితే ప్రేమలో పడి ఇంటి పరువు తీస్తుంది, లేదా ఆత్మహత్య చేసుకుని తండ్రికి జ్ఞానోదయం కలిగిస్తుంది. ఆ వయసుకు ఒక మనసు ఉందనీ, తాతకు కనబడనిది దానికి కనబడుతుందనీ ఆ నాటక రచయితకు తోచదు. ఎందుకు తోచాలి? కుర్చీల్లో కూర్చున్నది తాతలే. న్యాయనిర్ణేతలూ ఆ వయసు వాళ్ళే. టిక్కెట్టు కొనని, హాల్లోకి రాని వయసు గురించి నాటకం నిందగా తప్ప మరోలా మాట్లాడదు. నిందిస్తుంటే ఆ వయసు హాల్లోకి రాదు. ఈ గానుగ ఇలాగే తిరుగుతోంది.

మన సాహిత్యంలో నాటకం ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే లేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1909లో దాని మలిరూపం వచ్చింది. ఆ నాటకాన్ని నడిపేది ఎవరు? పరీక్ష తప్పి, గురువు దగ్గర చుట్ట కాల్చటం నేర్చుకున్న వెంకటేశం. చిన్నప్పుడే తల చెడిన బుచ్చమ్మ. అమ్మకానికి పెట్టిన సుబ్బి. అన్నిటికన్నా మించి, ఆడవేషం వేసి లుబ్ధావధాన్లు ఇంట్లో పెళ్ళికూతురై కూర్చున్న కరటకశాస్త్రి శిష్యుడు. పెద్దవాళ్ళు చేసిన దుర్మార్గాన్ని ఒక కుర్రవాడు నటన ద్వారా తలకిందులు చేస్తాడు. నాటకం అనే కళకు ఆ వయసు మనిషి ఎంత దగ్గరో గురజాడకు తెలుసు. మన కుర్రకారు ఈ శిష్యుణ్ణి కలుసుకునేది పాఠ్యపుస్తకంలో, సందర్భసహిత వ్యాఖ్యలో, నాలుగు మార్కులకు. శిష్యుడి ఆడగొంతు విని హాలంతా నవ్వితే ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు. దీన్ని నేను సాహిత్య బోధన సమస్యగా కూడా చూస్తున్నాను. నాటకాన్ని చూడని విద్యార్థికి నాటక విమర్శ చెప్పటం, ఈత నేర్పటానికి నల్లబల్ల వాడటం లాంటిది.

డబ్బున్న దేశాలు ఈ వయసుకు చేతిలో డబ్బే పెట్టి చూశాయి. ఫ్రాన్సు 2021లో 18 ఏళ్ళ వాళ్ళందరికీ సంస్కృతి పాసు కింద 300 యూరోలు ఇచ్చింది. పిల్లలు ఆ డబ్బుతో ఎక్కువగా పుస్తకాలు కొన్నారు, అందులోనూ జపాను బొమ్మల కథలు బాగా కొన్నారు. నాటకశాలల వాటా చిన్నదిగానే ఉండిపోయింది. 2025లో ఆ మొత్తాన్ని 150కి తగ్గించారు. బొమ్మల కథలు చదవటం నేరం కాదు. కాని ఆ అనుభవం ఒకటి తేల్చింది: చేతిలో డబ్బు పెట్టినంత మాత్రాన అలవాటు లేని చోటికి కాళ్ళు నడవవు. స్పెయిన్ 2022లో తన 400 యూరోల్లో సగాన్ని ప్రదర్శన కళలు, మ్యూజియం, సినిమా వంటి వాటికని విడదీసి పెట్టటం ఇలాంటి భయంతోనే కావచ్చు.

దీనికన్నా పాత అనుభవాలు మనకు ఎక్కువ పనికొస్తాయి. 1890లో బెర్లినులో కార్మికుల కోసం పెట్టిన స్వేచ్ఛా ప్రజా నాటకశాల సభ్యుల దగ్గర చిన్న చందా తీసుకుని, అందరికీ ఒకే ధర పెట్టి, ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో చీటీలు తీసి తేల్చింది. ప్రదర్శనలు ఆదివారం మధ్యాహ్నం, కార్మికుడికి తీరిక ఉన్న వేళ. 1951లో పారిసులో జాతీయ ప్రజా నాటకశాల బాధ్యత తీసుకున్న జాఁ విలార్ టిక్కెట్టు ధర తగ్గించటంతో ఆగలేదు. సీటు చూపించేవాళ్ళకు బక్షీసు ఇవ్వటం నిషేధించాడు. శివార్ల వాళ్ళు ఇళ్ళకు చేరుకోవాలని తెర లేచే వేళను ముందుకు జరిపాడు. ధర ఎంత ముఖ్యమో గడియారం అంత ముఖ్యమని వాళ్ళకు అర్థమైంది. మిర్యాలగూడ బస్టాండులో 9 గంటలకు నిలబడ్డవాడెవడికైనా ఇది అర్థమౌతుంది.

అంతదూరం పోనక్కర లేదు, పక్క రాష్ట్రం చూద్దాం. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు ఒక పోకచెక్కల పల్లె. కోదాడ ముందు అది ఒక వాడ. అక్కడ 1949లో పుట్టిన నీనాసం, కె.వి. సుబ్బణ్ణ నాయకత్వంలో 1980లో నాటక పాఠశాల పెట్టింది, 1985లో "తిరుగాట" అనే సంచార బృందాన్ని మొదలుపెట్టింది. ప్రతి ఏడూ కొత్త నాటకాలు తయారుచేసుకుని కన్నడ దేశంలోని చిన్న ఊళ్ళన్నీ తిరుగుతుంది. షేక్‌స్పియర్ అయినా, కువెంపు అయినా తాలూకా ఊరి హాలుకే పోతుంది. ఆ ఊళ్ళో ఒక సంఘమో, కాలేజీనో ఆతిథ్యం ఇచ్చి ప్రేక్షకులను సమకూరుస్తుంది. ఇందులో అద్భుతం ఏమీ లేదు. వచ్చే ఏడాది కూడా వస్తారని ఊరికి తెలుసు, అంతే. తెలుగులో ఇటువంటిది ఒకప్పుడు సురభి చేసింది. దాని తర్వాత మనం చేసిందల్లా సురభి మీద వ్యాసాలు రాయటం, అభినందన సంచికలు వెయ్యటం.

రాయితీ మాట అన్నప్పుడు అది ఎవరి జేబులోంచి అన్న ప్రశ్న తప్పదు. కళాకారుడి పారితోషికం తగ్గించి పిల్లలకు చౌకగా చూపిస్తే అది రాయితీ కాదు, దోపిడీ. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహకోసం వేసిన లెక్క. ఒక నాటకాన్ని లారీ, భోజనం, పారితోషికాలు, హాలు అద్దెతో కలిపి మన ఊరికి తేవటానికి 40,000 అవుతుందనుకుందాం. హాల్లో 400 కుర్చీలు. 100 రూపాయల చొప్పున 150 మంది పెద్దలు కొన్నారు, 15,000 వచ్చింది. 250 కుర్చీలు ఖాళీ. తెర లేచాక ఖాళీ కుర్చీ విలువ సున్నా, రేపటికి దాచుకుని అమ్ముకునే సరుకు కాదది. వాటిలో పిల్లలను 20 రూపాయల చొప్పున కూర్చోబెడితే మరో 5,000. ఇంకా 20,000 లోటు ఉంది. రాయితీతో లోటు తీరుతుందని నేను చెప్పటం లేదు. కాని ఇవాళ ఉచిత ప్రదర్శనకు 40,000 మొత్తమూ దాతల దగ్గరే తెస్తున్నాం, శాలువాల ఖర్చు అదనం. సగానికి తగ్గిన చందాతో, సగం స్వతంత్రంగా నాటకం ఆడించవచ్చు. దాతకు వేదిక మీద దొరికే సమయం కూడా సగానికి తగ్గుతుందని ఆశ. పన్ను పోటు ఉంటుందన్న సాకు కూడా చెల్లదు. 500 రూపాయలకు మించని నాటక ప్రవేశానికి జి.ఎస్.టి. మినహాయింపు 2018 నుంచీ ఉంది.

ప్రభుత్వం ఏం చెయ్యాలి అన్నది ఇక్కడే చెప్పుకోవాలి. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం సినిమా టిక్కెట్లకు గరిష్ట ధరలు నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత పెద్ద సినిమాలకు పెంచుకునే అనుమతులు ఇస్తూ వచ్చింది. అంటే టిక్కెట్టు ధర ప్రజల విషయమని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మరి విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే నాటకానికి తగ్గించే ఆ కొద్ది మొత్తాన్ని సాంస్కృతిక శాఖ భరించాలని అడగటంలో అసంబద్ధత ఏముంది? బస్సు పాసుకు ఆర్టీసీకి చెల్లించే న్యాయమే ఇదీ.

ఆడపిల్లల సంగతి విడిగా ఆలోచించాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హుజూర్‌నగర్ నుంచి కోదాడకు, నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు వచ్చి నాటకం చూసి పోవటానికి ఇంటర్ చదివే అమ్మాయికి చార్జీ అక్కర లేదు. మగపిల్లవాడికి చార్జీ కావాలి, ఇంట్లో అనుమతి అక్కర లేదు. అమ్మాయికి అనుమతి కావాలి. ఆ అనుమతి టిక్కెట్టు ధర తగ్గిస్తే రాదు. చీకటి పడకముందు నాటకం ముగియాలి, లెక్చరరు వెంట రావాలి, పక్కన ఇంకో పదిమంది ఆడపిల్లలు ఉండాలి. కార్పొరేటు తరహా కాలేజీల స్టడీ అవర్ గురించి ఇంత చెబుతున్నాం గాని, నాటకానికి వదలని ప్రిన్సిపాలు క్రికెట్టు ఫైనలుకు టీవీ పెట్టించటం నేను చూశాను. అడగగలిగితే రెండు గంటలు దొరుకుతాయి. ఆదివారం మధ్యాహ్నం అడగాలి.

ఇంకొక జాగ్రత్త. రాయితీ టిక్కెట్టు కొన్నవాళ్ళను వెనక వరసల్లో కూర్చోబెడితే ఈ ప్రయత్నమంతా వ్యర్థం. మళ్ళీ నేల, కుర్చీ తేడాను వయసు పేరుతో తెచ్చినట్టే. బెర్లిను వాళ్ళ చీటీల పద్ధతి మనకు కొత్తా కాదు, కష్టమూ కాదు. మిల్లు యజమానికి 23వ వరస, కోదాడ పాలిటెక్నిక్ కుర్రవాడికి మొదటి వరస వచ్చిందనుకోండి, నాటకం పాడైపోదు. టిక్కెట్టు మీద 20 అని అచ్చువెయ్యాలి. "విద్యార్థులకు ఉచితం" అని మనసు కరిగి చివరి నిమిషంలో గేట్లు తెరిచే మన అలవాటును కూడా మానుకోవాలి.

సంఘం రాష్ట్ర మహాసభలకు సాంస్కృతిక ప్రదర్శనల కింద ఖర్చుపెట్టే డబ్బు చిన్నదేమీ కాదు. అది చూసేది ప్రతినిధులమైన మనమే. ఒక్క ఏడాది ఆ డబ్బును ఈ మూడు ఊళ్ళకు మళ్ళించి చూద్దాం. కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదించిన ప్రదర్శన, మూడు ఆదివారాలు, మధ్యాహ్నం 2 గంటలకు. సూర్యాపేట మొదట, తర్వాత కోదాడ, తర్వాత మిర్యాలగూడ. శిష్యుడి వేషం ఆ ఊరి పిల్లవాడికే ఇవ్వాలి. తర్వాతి నాటకం ఏది ఆడాలో హాల్లో పిల్లలనే అడగాలి, చేతులెత్తించి లెక్కపెట్టాలి. ఆ మూడు రోజులూ వేదిక మీద ఉపన్యాసం మాత్రం వద్దు, నాదైనా సరే.